మా మిల్లింగ్ యంత్రానికి సర్వో ముందే ఉండేది

సర్వో మోటార్లు (చెప్పినంత తిరిగాయో లేదో తామే కొలుచుకుని సరిదిద్దుకునేవి) బిగించాక మా పాత మిల్లింగ్ యంత్రం మీద తీసిన మొదటి జాబ్ ఒక గుండ్రని దిమ్మె. అల్యూమినియం, 100 మిల్లీమీటర్ల వ్యాసం. చక్రం తిప్పే చెయ్యి లేకుండా, జాబ్‌ను మోసే టేబుల్ తనంతట తాను వంపు తిరుగుతుంటే, షెడ్డులో ఉన్న నలుగురం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు నోరెత్తకుండా చూశాం. కట్టర్ కోత ముగించింది. అడిగిన చోటుకూ చేరిన చోటుకూ తేడా మూడు మైక్రాన్లు, అంటే 0.003 మిల్లీమీటర్లు, దాటలేదని మోటారును నడిపే డ్రైవ్ పెట్టె అంకెలు చూపిస్తోంది. మా ఉస్తాద్ కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా ఆ దిమ్మె అంచు చుట్టూ బొటనవేలి గోరు నడిపించారు. గోరు నాలుగు చోట్ల ఆగింది. గడియారంలో పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది ఉండే చోట్ల.

నేను తెర వైపు చూపించాను. ఆయన దిమ్మె వైపు చూపించారు.

"రోటరీ టేబుల్ పెట్టి చేత్తో తిప్పినప్పుడు ఈ మెట్లు ఉండేవి కావు బాబూ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. డయల్ పెట్టి కొలిస్తే ఒక్కో మెట్టు ఇంచుమించు 0.08 మిల్లీమీటర్లు వచ్చింది. వాటి వెనక మూడు లక్షల రూపాయలు, నాలుగు నెలల ఆదివారాలు ఉన్నాయి.

పాత యంత్రానికి సర్వో పెడితే కొత్తదైపోతుందని మా వాడలో చాలామంది నమ్మకం. మోటార్లు అమ్మేవారి నమ్మకం కూడా అదే, వారి సంగతి వేరు. పాత ఇనుము మీద రూపాయి పెట్టడం దండగ, బ్యాంకు అప్పు చేసి కొత్త వీఎంసీ, అంటే కంప్యూటరు నడిపే మిల్లింగ్ యంత్రం, కొనుక్కోమని చెప్పేవారు ఇంకొందరు. ఈ రెండు పక్షాలతోనూ నాకు పేచీ ఉంది. ఇద్దరూ ఒకే సంగతిని మరిచిపోతున్నారు. పాత యంత్రంలో అప్పటికే ఒక సర్వో పనిచేస్తూ ఉంది. దాన్ని నడిపే మనిషే ఆ సర్వో. మోటారు బిగించడమంటే ఆ మనిషిని పక్కన నిలబెట్టడం. ఆయన చేతికి తెలిసిన సంగతులన్నింటినీ ముందుగా ఇనుములోకి ఎక్కించకపోతే, ఎంత ఖరీదైన మోటారైనా తప్పుడు చోటికి కచ్చితంగా వెళ్ళి నిలబడుతుంది.

యంత్రం సంగతి చెప్పాలి. ప్రభుత్వ యంత్రాల సంస్థ హెచ్‌ఎంటీ వారి పింజోర్ కర్మాగారంలో తయారైన వర్టికల్ మిల్లింగ్. బరువు రెండు టన్నుల పైమాటే. హర్యానాలో పుట్టి, ఏదో కర్మాగారంలో దశాబ్దాలు చాకిరీ చేసి, వేలంలో తూకానికి పోయి, చివరికి బాలానగర్‌లో మా షెడ్డు చేరింది. బాలానగర్ అలాంటి చోటే. మందుల సంస్థ ఐడీపీఎల్, విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, ఆ పైన చింతల్ దగ్గర హెచ్‌ఎంటీ, 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వీటి నీడలో వందలాది చిన్న షెడ్లు పెరిగాయి. పెద్ద కర్మాగారాలు చిక్కిపోయాక వాటిలో పనిచేసిన చేతులు ఈ షెడ్లలోకి వచ్చాయి. మా ఉస్తాద్ అలా వచ్చినవారే. మందుల కంపెనీల యంత్రాలకు విడిభాగాలు చేయడం మా ప్రధాన వ్యాపారం. ఒక్కో రకం అయిదు, పది, ఎక్కువైతే యాభై. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఆయన చేతుల సంగతి.

ఆ యంత్రం కొన్న కొత్తలో, టేబుల్‌ను కుడి ఎడమలకు జరిపే ఎక్స్ చక్రం ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పితే, టేబుల్ కదలడానికి ముందు డయల్ మీద 0.4 మిల్లీమీటర్ల మేర గీతలు ఖాళీగా జరిగిపోయేవి. చక్రం తిప్పే స్క్రూకూ టేబుల్‌ను లాగే నట్టుకూ మధ్య అరుగుదల వల్ల వచ్చిన వదులు అది. అంత వదులున్న యంత్రం మీద ఆయన 0.02 లోపు పని తీసేవారు. ఏ కొలతకైనా ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చేవారు. గీత దాటిపోతే వెనక్కి ఒక పూర్తి చుట్టు తిప్పి, మళ్ళీ మొదటి నుంచి దగ్గరికి వచ్చేవారు. దాటిన పావు గీతను వెనక్కి లాగి సరిపెట్టడం ఆయన పద్ధతిలో లేదు. కోత సమయంలో జాబ్‌ను ఎప్పుడూ కట్టర్ పళ్ళకు ఎదురుగానే నడిపేవారు. కట్టర్ తిరిగే వైపుకే నడిపితే పళ్ళు జాబ్‌ను పట్టి లాక్కుంటాయి, ఆ వదులంతా ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది, కట్టర్ విరుగుతుంది. స్క్రూ మధ్య భాగమే ఎక్కువ అరిగిందని తెలుసు కనుక కచ్చితమైన జాబ్ వచ్చినప్పుడు జాబ్‌ను పట్టే వైస్‌ను టేబుల్ మధ్యలోంచి తీసి ఎడమ చివరకు బిగించేవారు. ముందుకూ వెనక్కీ జరిగే వై అక్షం లాక్ చేసేటప్పుడు టేబుల్ ఒక పిసరు పక్కకు జరుగుతుందని ముందే ఆ పిసరు వదిలి ఆపేవారు. వీటిలో ఏదీ ఎక్కడా రాసి లేదు. నేను అడిగితే "అది అంతే" అనేవారు.

చెయ్యి కదుపుతుంది, కన్నూ చెవీ గమనిస్తాయి, మైక్రోమీటర్ తేడా చెబుతుంది, చెయ్యి మళ్ళీ సరిదిద్దుతుంది. ఆజ్ఞ, చలనం, కొలత, సవరణ. పాఠ్యపుస్తకంలో క్లోజ్డ్ లూప్ అని బాణాలు గీసి చూపించేది దీన్నే. తేడా ఒక్కటే, ఉస్తాద్ లూప్ జాబ్ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. సర్వో లూప్ మోటారు వెనక తోక దగ్గరే తిరిగిపోతుంది. మోటారు ఎంత తిరిగిందో చదివే ఎన్‌కోడర్ బిగించేది అక్కడే కదా.

ఇది నా సొంత పైత్యం కాదు. అంకెలతో నడిచే యంత్రాల చరిత్ర మొదలైందే మనుషుల చేతులతో. 1940ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవారు. రెక్క ఆకారానికి టెంప్లేట్లు, అంటే వంపును సరిపోల్చే పలకలు, కావాలి. వంపు మీద కొద్ది బిందువులే తెలిసేవి, మిగతాది గీత కలిపి, కోసి, ఆకురాయితో సరిచేసుకోవాలి. ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం పంచ్‌కార్డు యంత్రంతో ఆ వంపు మీద 200 బిందువులు లెక్క కట్టించారు. మరి మిల్లింగ్ యంత్రాన్ని అన్ని బిందువుల దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి? ఒకరు పట్టికలోంచి అంకెలు పైకి చదివారు. ఇద్దరు ఆపరేటర్లు, ఎక్స్ చక్రం దగ్గర ఒకరు, వై చక్రం దగ్గర ఒకరు, వినిపించిన అంకెకు చక్రం తిప్పారు. అష్టావధానంలా ఉంటుంది ఆ దృశ్యం ఊహించుకుంటే. ఆ ఇద్దరి చేతుల స్థానంలో మోటార్లు పెట్టడమెలా అన్నదే తర్వాతి ప్రశ్న. 1949లో వైమానిక దళం కాంట్రాక్టు ఇచ్చింది. పార్సన్స్ సాయం కోసం వెళ్ళింది ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబొరేటరీకి. 1952లో ఆ ల్యాబ్ నడిపి చూపించిన యంత్రం దీని కోసం ప్రత్యేకంగా పోతపోసింది కాదు. సిన్సినాటి హైడ్రో-టెల్ అనే మామూలు మిల్లింగ్ యంత్రానికి సర్వోలు తగిలించినది. దాన్ని నడిపే పెట్టెలు అయిదు, ఒక్కోటి ఫ్రిజ్ అంత. అంటే వంశవృక్షంలో మొదటి పేరే ఒక మార్పిడి యంత్రానిది. పాత యంత్రానికి మోటారు పెట్టడం పేదవాడి అతుకు పని అని ముఖం చిట్లించే వారికి ఈ సంగతి చెబుతుంటాను.

ఇక మా మొదటి ప్రయత్నంలో నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. పాత స్క్రూలు అలాగే ఉంచాను. నట్టును వీలైనంత బిగించాను, స్క్రూ చివరి బేరింగులు మార్చాను. 0.4 ఉన్న వదులు 0.08కి దిగింది. ఇంకా బిగిస్తే మధ్యలో బాగానే ఉండేది గానీ, అరగని రెండు చివరలకూ వెళ్ళేసరికి స్క్రూ పట్టేసేది. ఆ 0.08ని కంప్యూటరులో సరిపెట్టేద్దామనుకున్నాను. బ్యాక్‌లాష్ సవరణ అని ఒక గడి ఉంటుంది, అందులో అంకె వేస్తే దిశ మారినప్పుడల్లా మోటారు ఆ మేర అదనంగా తిరుగుతుంది. గాలిలో తిప్పి డయల్‌తో చూస్తే అద్భుతం. కట్టర్ జాబ్‌ను తాకగానే మాయం. ఎందుకంటే ఆ వదులులో టేబుల్‌ను పట్టుకున్నది ఎవరూ లేరు. కోత బలం ఎటు నెడితే అటు పోతుంది. లెక్కలో సవరించిన వదులు ఇనుములో వదులుగానే ఉంటుంది. గుండ్రంలో దిశ మారే నాలుగు చోట్లే మెట్లు ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక్కడ తెలిసినవారు ఒక ప్రశ్న వేస్తారు. టేబుల్‌కే, అది జరిగిన దూరాన్ని చదివే గాజు స్కేలు బిగించి, మోటారు తోకకు బదులు అక్కడి నుంచి కొలత తీసుకుంటే లూప్ టేబుల్ దాకా వస్తుంది కదా? మంచి ప్రశ్నే, నేనూ ఆశపడ్డాను. కానీ కంటికి, చేతికి మధ్య కీలు వదులుగా ఉంటే ఏమవుతుంది? టేబుల్ రెండు మైక్రాన్లు వెనకబడిందని స్కేలు చెబుతుంది. మోటారు తిరుగుతుంది, వదులులో ఖాళీగా తిరుగుతుంది, టేబుల్ కదలదు. ఇంకా తిరుగుతుంది, ఒక్కసారిగా పట్టుకుని తోసేస్తుంది. ఇప్పుడు దాటిపోయిందని స్కేలు అంటుంది. మోటారు వెనక్కి. యంత్రం మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. గాజు స్కేలు గట్టి యంత్రాన్ని ఇంకా నిక్కచ్చిగా చేస్తుంది. వదులు యంత్రానికి వదులును ఇంకా బాగా చూపిస్తుంది, అంతే.

స్టెప్పరా, సర్వోనా అన్న చర్చకు నేను ఎక్కువ చోటు ఇవ్వదలచుకోలేదు. స్టెప్పర్ అనే ఇంకో రకం మోటారుకు చెప్పడమే ఉంటుంది, తిరిగి అడగడం ఉండదు. చుట్టుకు 200 అడుగులు, ఒక్కో పల్సుకు ఒక్కో అడుగు. బరువు ఎక్కువై పది అడుగులు తప్పిపోతే ఎవరికీ తెలియదు, మూడు గంటల తర్వాత జాబ్ కొలిచినప్పుడు తెలుస్తుంది. పైగా వేగం పెరిగే కొద్దీ దాని బలం జారిపోతుంది. సర్వోను గట్టిగా పట్టి ఆపితే అది మొరాయించి అలారం కొట్టి ఆగుతుంది. తన తప్పును దాచుకోదు. ఆ ఒక్క గుణానికే నా ఓటు దానికి. అయితే అది ఒప్పుకునేది తన తప్పును మాత్రమే. స్క్రూ తప్పు, నట్టు తప్పు, టేబుల్ తప్పు దాని పరిధిలోకి రావు.

రెండో ప్రయత్నంలో మోటార్లను అటక ఎక్కించాం. అయిదు నెలలు వాటి ముఖం చూడలేదు.

టేబుల్ దింపి బోర్లించి చూస్తే స్లైడ్ మధ్యలో 0.06 మేర గుంత. టేబుల్ మధ్యలో ఉన్నప్పుడు గిబ్, అంటే స్లైడ్ సందును సరిచేసే పట్టీ, బిగిస్తే చివరలకు వెళ్ళి ఇరుక్కుంటుంది, చివరల్లో బిగిస్తే మధ్యలో ఊగుతుంది. ఈ ఊగును ఏ మోటారూ ఆపలేదు. గ్రైండింగుకు పంపితే ఒక్క రోజు పని, కానీ టేబుల్ ఒక్కదాన్ని సరిచేస్తే సరిపోదు, దాన్ని కింద నుంచి మోసే జోడీ శాడిల్ కూడా దానికి ఒద్దికగా కూర్చోవాలి. టేబుల్ గ్రైండింగుకు పంపి, శాడిల్‌ను చేత్తో స్క్రేపింగ్ చేద్దామన్నారు ఉస్తాద్. బ్లూ అనే నీలి రంగు రాయడం, టేబుల్‌ను దాని మీద జరపడం, ఎత్తడం, నీలం అంటిన చోట్ల స్క్రేపర్‌తో ఉలిపొరంత తీయడం, మళ్ళీ బ్లూ. మొదటి రోజు శాడిల్ మొత్తం మీద అక్కడక్కడా నాలుగు మచ్చలు. నాలుగు వారాలయ్యేసరికి అంగుళం చదరానికి ఇరవై చుక్కలు. ఆషాఢం ఉక్కలో ఆ పని చూస్తూ కూర్చోవడమే నాకు కష్టమైంది, ఆ వయసులో ఆయన చేశారు. పక్కన ఒక ఐటీఐ కుర్రాడు నేర్చుకున్నాడు. మొదటి వారం మొబైల్ చూస్తూ చేశాడు, మూడో వారానికి మొబైల్ మరిచిపోయాడు.

పోత ఇనుము మీద పోత ఇనుము జారడంలో ఇంకో చిక్కు ఉంది. కదలడానికి కావలసిన బలం, కదిలాక కావలసిన బలం కన్నా ఎక్కువ. నెమ్మదిగా నడిపితే టేబుల్ ఆగుతుంది, ఉన్నట్టుండి గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఉస్తాద్ అరచేత్తో టేబుల్ అంచును నెడుతూ చక్రం తిప్పేవారని చెప్పడం మరిచాను. అలా ఎందుకు చేస్తారో అప్పటిదాకా నాకు తెలియలేదు, ఈ గెంతును చంపడానికట. మోటారుకు అరచెయ్యి లేదు. అందుకని శాడిల్ స్లైడ్లకు టర్సైట్ పట్టీలు అంటించాం. కంచు పొడి కలిపిన టెఫ్లాన్ లాంటి పదార్థం, ఇనుము మీద వెన్నలా జారుతుంది, ఆ గెంతు దాదాపు ఉండదు. కానీ పట్టీ మందం మేర టేబుల్ పైకి లేస్తుంది. స్క్రూ ఇరుసూ నట్టు ఇరుసూ అప్పుడు కలవవు. కాబట్టి ముందే శాడిల్ మీద అంత మందం తీసేయాలి. అంటే నాలుగు వారాలు చెమటోడ్చి స్క్రేప్ చేసిన దాన్ని మళ్ళీ మిల్లింగుకు ఎక్కించి కోసేయాలి. అవును, వరస తప్పింది నేనే. టర్సైట్ ఆలోచన నాకు శాడిల్ పని పూర్తయ్యాక వచ్చింది. ఉస్తాద్ ఆ పూట నాతో మాట్లాడలేదు. తర్వాత పట్టీల మీద మళ్ళీ బ్లూ, మళ్ళీ స్క్రేపర్. ఈసారి మెత్తటిది కనుక పది రోజుల్లో అయింది.

ఆ తర్వాత బాల్ స్క్రూలు. మామూలు స్క్రూలో నట్టు రాసుకుంటూ జారుతుంది, తిప్పిన బలంలో సగానికి పైగా రాపిడికే పోతుంది. బాల్ స్క్రూలో మధ్యన గుళ్ళు దొర్లుతాయి, తొంభై శాతం దాకా బలం పనికి వస్తుంది. గుళ్ళను ముందే కొంచెం బిగువుతో పెడితే వదులు అనేదే ఉండదు. కాగితం మీద ఇంతే. అసలు చిక్కు చోటుతో వచ్చింది. బాల్ నట్టు ఒళ్ళు పెద్దది, పాత నట్టు ఉన్న గూట్లో పట్టదు. శాడిల్‌ను హారిజాంటల్ బోరింగ్ ఉన్న పెద్ద షెడ్డుకు పంపి గూడు పెద్దది చేయించాం. స్క్రూ ఒక చివర పొడవు వైపు తోపును కూడా ఆపే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల ఎదురుబదురు జోడీతో కదలకుండా బిగించాం, రెండో చివర వేడికి పెరిగితే జరిగే వీలుంచాం. కొన్నది సీ7 తరగతి, అంటే 300 మిల్లీమీటర్ల నిడివిలో 0.05 దాకా తేడా ఉండవచ్చు. ఈ తేడా మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కనుక దాన్ని కొలిచి కంప్యూటరుకు చెప్పుకోవచ్చు. వదులు ఒక పూట ఒకలా, ఇంకో పూట ఇంకోలా ఉంటుంది. సాఫ్ట్‌వేరుతో సవరించదగ్గ తప్పుకూ, సవరించరాని తప్పుకూ తేడా నాకు ఇక్కడే తెలిసింది.

బాల్ నట్టును స్క్రూ మీద నుంచి ఎప్పుడూ నేరుగా లాగకూడదు. లోపలి వ్యాసానికి సరిపడే గొట్టం మీదికి జార్చి తీయాలి. ఈ సంగతి మా కుర్రాడికి చెప్పే లోపే టప టప మని వినిపించింది. 3.175 మిల్లీమీటర్ల గుళ్ళు, షెడ్డు నేలంతా, లేత్ కింద, ఇనుప రజను కుప్పలో. అయస్కాంతం కట్టిన కర్రతో నలుగురం సాయంత్రం దాకా వెతికాం, అయస్కాంతానికి గుళ్ళతో పాటు ఊళ్ళో ఉన్న రజనంతా అంటుకుంది. ఒక్కటి మాత్రం దొరకలేదు. కొత్త గుళ్ళ పొట్లం కొని అన్నీ మార్చాం. ఆ తప్పిపోయినది దీపావళికి దులిపినప్పుడు కూలర్ కింద దొరికింది, ఇప్పుడు కుర్రాడి తాళం చెవుల గుత్తి పెట్టుకునే డబ్బాలో ఉంది.

పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షం దగ్గర మాత్రం నేను పాత స్క్రూనే ఉంచాను. అందరూ ఇదేమి పిసినారితనం అన్నారు. మా యంత్రంలో టేబుల్, శాడిల్ అన్నీ మోసే, మేం మోకాలు అనే భాగం మొత్తం పైకీ కిందికీ కదులుతుంది. కొన్ని వందల కిలోల బరువు. బాల్ స్క్రూ పెడితే కరెంటు పోగానే ఆ బరువు తనకు తానే స్క్రూను తిప్పుకుంటూ కిందికి జారుతుంది, మోటారులో బ్రేకు ఉన్నా ప్రాణమంతా ఆ బ్రేకు మీదే. పాత స్క్రూ రాపిడి వల్లే ఎక్కడిది అక్కడ నిలుస్తుంది. వదులు సంగతి? బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది కనుక నట్టు ఎప్పుడూ స్క్రూకు ఒక వైపే ఆనుకుని ఉంటుంది. ఉస్తాద్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చే పద్ధతిని భూమి తనంతట తాను పాటిస్తోందన్నమాట. ఎక్స్, వై లకు రెండున్నర లక్షల పని అవసరమైంది, జెడ్‌కు బ్రేకున్న మోటారు చాలింది.

అప్పుడు మోటార్లు దించాం. 750 వాట్లవి, నిలకడ బలం 2.4 న్యూటన్ మీటర్లు. పళ్ళ బెల్టుతో ఒకటికి రెండు తగ్గింపు, 5 మిల్లీమీటర్ల స్క్రూ. లెక్క వేస్తే టేబుల్‌ను తోసే బలం 5,400 న్యూటన్లు, అంటే 550 కిలోల తోపు. మా పనికి ఇది పుష్కలం. నిమిషానికి ఏడున్నర మీటర్లు పరిగెత్తగలదు, నేను అయిదు దగ్గర ఆపాను. ఎన్‌కోడర్ చుట్టుకు 1,31,072 గీతలు చదువుతుంది. స్క్రూ దగ్గరికి వచ్చేసరికి ఒక్కో గీత 0.02 మైక్రాను. ఈ అంకె వినగానే కొనేవారి కళ్ళు మెరుస్తాయి. షెడ్డులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి మారితే టేబుల్ అంతకు వందల రెట్లు సాగుతుంది. త్రాసు ముల్లు సన్నగా ఉంటే బియ్యం నాణ్యత పెరగదు.

నియంత్రణకు లైనక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేరు వాడాం. దీని మూలం 1990ల్లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన ప్రోగ్రాము. తొలిరోజుల్లో దాన్ని పరీక్షించింది కూడా పాంటియాక్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో ఒక కెర్నీ అండ్ ట్రెకర్ మిల్లింగ్ యంత్రానికి అమర్చే. రుసుము లేదు. వైరింగు గురించి మాత్రం రెండు మాటలు. ఎన్‌కోడర్ తీగనూ మోటారు తీగనూ ఒకే గొట్టంలో తోయకండి. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ డ్రైవ్ విద్యుత్ రొద ఎన్‌కోడర్ తీగలోకి దూరితే దయ్యం పట్టినట్టు అలారాలు వస్తాయి, వారం పోతుంది. ఎర్ర బటన్ నొక్కితే కంప్యూటరుకు సందేశం వెళ్ళడం చాలదు, కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు పడిపోయి డ్రైవ్‌లకు పవరే ఆగాలి. పాత చక్రాల పిడులు తప్పకుండా ఊడదీయండి. మోటారు తిప్పుతున్నప్పుడు ఆ పిడి మణికట్టుకు తగిలితే ఎముక మిగలదు.

రెండోసారి అదే దిమ్మె కోశాం. ఈసారి కట్టర్ తిరిగే వైపుకే నడిపాం, ఉస్తాద్ నలభై ఏళ్ళుగా ఎవరినీ చేయనివ్వని పని. గోరు ఆగలేదు. డయల్ పెడితే గుండ్రం తేడా 0.015.

మొత్తం ఎంత అయింది? యంత్రం ధరతో కలిపి ఏడు లక్షల చిల్లర, మొదటి ప్రయత్నంలో మట్టిపాలైన దానితో సహా. ఉస్తాద్ శ్రమకు కట్టిన ఖరీదు న్యాయమైనది కాదని నాకు తెలుసు, కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. కొత్త వీఎంసీ దీనికి నాలుగు రెట్లు. కొత్త దానికి టూల్ తనంతట తాను మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, చుట్టూ తలుపులు ఉంటాయి, మా దాని కన్నా ఎన్నో రెట్లు వేగంగా పరిగెత్తుతుంది. రోజుకు అయిదు వందల ముక్కలు చేయాల్సినవారు నా మాట వినకండి, అప్పు చేయండి. అయిదు, పది, యాభై చేసే మాలాంటి షెడ్డులో టూల్ మార్చడానికి పట్టే నిమిషం పెద్ద నష్టం కాదు, నెల నెలా వాయిదా పెద్ద నష్టం. అయితే స్లైడ్లు సరిచేసే చెయ్యి దగ్గర లేకపోతే పాత యంత్రం జోలికి వెళ్ళవద్దనే నా సలహా. మోటార్లు కొరియర్‌లో వస్తాయి. స్క్రేపర్ పట్టే మనిషి రాడు. మా చుట్టుపక్కల అలాంటివారు ఇప్పుడు నా చేతి వేళ్ళకు సరిపోతారు, వారిలో అరవై దాటనివారు ఒక్కరూ లేరు.

యంత్రం నడిచాక ఉస్తాద్‌కు ఒక చిన్న చక్రం ఇచ్చాం. తీగ చివర వేలాడే పల్స్ చక్రం, ఒక్కో క్లిక్‌కు టేబుల్ 0.01 జరుగుతుంది. ఒక పూట తిప్పి నాకు ఇచ్చేశారు. "దీనికి నాడి లేదు బాబూ" అన్నారు. నిజమే. పాత చక్రంలో కట్టర్ మొద్దుబారడం, గిబ్ పొడిబారడం, జాబ్‌లో గట్టి చోటు తగలడం అన్నీ అరచేతికి తెలిసేవి. కొత్త చక్రం కట్టర్ గాలిలో ఉన్నా, ఉక్కులో ఉన్నా ఒకేలా టిక్కుమంటుంది. ఆ నాడి ఎక్కడికీ పోలేదని, డ్రైవ్ ముఖం మీద లోడు శాతంగా కనిపిస్తోందని ఆయనకు చూపించాను. మొదట పట్టించుకోలేదు. తర్వాత ఒక పాత డైరీలో తేదీ వారీగా మూడు అక్షాల లోడు రాయడం మొదలుపెట్టారు. ఖాళీ టేబుల్, ఒకే వేగం, పొద్దున్నే ఒకసారి. ఎక్స్ 14, వై 17, జెడ్ 22. మర్నాడు మళ్ళీ.

పోయిన మంగళవారం ఎక్స్ దగ్గర 14కు బదులు 21 రాసి, కింద గీత గీశారు. బుధవారం 23. డ్రైవ్‌కు ఇది లెక్కలోది కాదు, వంద దాటితే గానీ అది నోరు విప్పదు. ఆయన టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించమని, దాని అంచు మీద అరచెయ్యి ఆనించి వెంట నడిచారు. కుడి చివరకు రెండు జానల ముందు ఆగి, ఇక్కడ నూనె అందడం లేదు అన్నారు. కుర్రాడు కవరు విప్పి చూశాడు. నూనె గొట్టం కేబుల్ చైను కింద మడతపడి ఉంది.